తిడితే కదులుతారు

జనవరి 8

తమ్ముడికి,

మన ఒప్పందం ప్రకారం ఫోను చెయ్యకుండా ఉత్తరమే రాస్తున్నాను. ఫోనైతే మూడో నిమిషానికి నువ్వో నేనో ఠపీమని పెట్టేస్తాం. కాగితం మీదైతే కనీసం నా మాట చివరిదాకా చదివి, ఆ తర్వాత మొహం చిట్లించుకుంటావు.

విషయమేమిటంటే, మీ అక్క మీద ఫిర్యాదు వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ల నర్సు సర్వీసులో ఇది మూడోది. మొదటి రెండూ చెత్తబుట్టలోకి పోయాయి. దీనికి మాత్రం మా కొత్త సూపరింటెండెంటు ఒక ఫైలు కుట్టించి, దానికో నంబరు వేయించి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. మార్చి ఇరవైన విచారణ. ముగ్గురు కూర్చుంటారట. నేను తప్పు ఒప్పుకోకపోతే క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి పదవి పోతుంది. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ నన్ను రికార్డు రూములో కూర్చోబెట్టి, చచ్చిపోయినవాళ్ల కాగితాలకు దారాలు కట్టిస్తారు. బతికున్నవాళ్ల మధ్య తిరిగినదాన్ని, నాకది జైలే.

ఈ లోపల శనివారం శనివారం క్లాసు. నోటీసు బోర్డులో "ఒత్తిడిలో మర్యాదగా స్పందించుట" అని పెట్టారు. ఆరు శనివారాలు. చెప్పేవాడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కోటు వేసుకొస్తాడు. నేనతన్ని కోటు అనే అంటున్నాను. అతను జన్మలో చూసిన రక్తం గడ్డం గీసుకున్నప్పుడు తెగినదే అయ్యుంటుంది. మొన్న మమ్మల్నందరినీ కళ్లు మూసుకుని మా కోపం ఏ రంగులో ఉందో చూడమన్నాడు. పక్కనున్న ఎక్స్‌రే ఆయన గురక పెట్టాడు. ఆయనది ఏ రంగో మరి.

నువ్వూ ఆ పనే చేసి బతుకుతున్నావు కదా. కోపమొస్తే ఏం చెయ్యాలో ఊరూరా తిరిగి చెప్తావు, ఇంటికొచ్చి చెప్పులు సరిగ్గా విప్పలేదని నీ పెళ్లాం మీద ఎగురుతావు. అది నీ ఇష్టం. నాకు కావలసిందల్లా ఒక్కటి. ఏ చిలక పలుకులు పలికితే ఈ కోట్ల జాతి సంతోషిస్తుందో రాయి. బట్టీ పట్టి అప్పజెప్పేసి నా వార్డుకు నేను పోతాను.

నోరింకా పడిపోని
మీ అక్క

జనవరి 17

ప్రియమైన అక్కకు,

ముందుగా, నీ బాధను నేను గుర్తిస్తున్నాను. గౌరవిస్తున్నాను. ఈ మాట చదవగానే నువ్వు పళ్లు నూరతావని కూడా తెలుసు. చూశావా, ఎదుటివాడి స్థితిని ముందే ఊహించడం అంటే ఇదే. మొదటి పాఠం అయిపోయింది.

నువ్వు రాయలేదు గానీ, ఫిర్యాదు చేసింది రోగి తాలూకు బంధువులై ఉంటారు. ఇలాంటివి నేను ఎన్నో చూశాను. అక్కా, వాళ్లు భయంలో ఉంటారు. భయపడ్డవాడికి మన మాట కాదు, మన గొంతు వినపడుతుంది. వాళ్లు అరిస్తే నువ్వు లోపల ఆరు అంకెలు లెక్కపెట్టు. నా క్లాసుల్లో ఈ ఆరంకెల పద్ధతికి ఎంత పేరుందో నీకు తెలీదు. మొన్న ఒక బీమా ఆఫీసులో నూటపది మంది చేత ఒకేసారి లెక్కపెట్టించాను. హాలంతా నిశ్శబ్దం. చివర్లో వాళ్ల మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు.

నువ్వు మంచిదానివి. కానీ నీ దగ్గర ఒక్కటే పనిముట్టుంది. నోరు. నిండుకుండ తొణకదంటారు. నువ్వు మాత్రం తొణకడమే నిండుదనమనుకుంటావు. ఇది విమర్శ కాదు, గమనిక.

విచారణలో "నేను నేర్చుకుంటున్నాను" అనే మాట మూడుసార్లైనా వచ్చేట్టు చూసుకో. నవ్వు మరీ ఎక్కువ వద్దు. నువ్వు నవ్వితే వెక్కిరించినట్టుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

నా చెప్పుల గురించి రాసింది అబద్ధం. ఆ రోజు నేను ఎగరలేదు, నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాను.

ప్రశాంతంగా,
నీ తమ్ముడు

జనవరి 25

ప్రశాంతంగా ఉన్న పెద్దమనిషికి,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో పైకి చదివాను. మావాళ్లు టీ గ్లాసులు కింద పెట్టేసి నవ్వారు. ఆ పుణ్యం నీదే.

అడక్కుండానే ఫిర్యాదెవరిదో కనిపెట్టేశావు. మరి ఎదుటివాడి స్థితిని ఊహించేవాడివి కదా. రోగీ కాదు, బంధువులూ కాదు. నా కిందే పనిచేసే పిల్ల. చేరి నాలుగు నెలలైంది, ఇరవై రెండేళ్లుంటాయి. పిలిస్తే పలకదు, పలికితే వినపడదు. నేను మంచుముద్ద అంటాను. గట్టిగా చూస్తే కరిగిపోతుంది.

జరిగింది విను. లారీ గుద్దిన మనిషిని తెచ్చారు, కాలు నుజ్జు, రక్తం ధారగా పోతోంది. డాక్టరు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఇది ట్రే పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. అడుగు పడదు. నోరు తెరుస్తుంది, మూస్తుంది. నేను ఒక్క కేక పెట్టాను. "నువ్వు నర్సువా, గుమ్మానికి కట్టిన బొమ్మవా? ఆ మనిషి పోతే నీ వల్లే." అంతే, ట్రే నేల మీద పెట్టి మాయమైంది. దాన్ని నేనే అందుకున్నాను. అందులో రక్తనాళం బిగించే పెద్ద పట్టకార్లు లేకపోతే బీరువా దాకా నేనే పరిగెత్తాను. రక్తం ఆగింది. ఆ మనిషి ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. అతను ఫిర్యాదు చెయ్యలేదు. ట్రే మొయ్యలేనిది చేసింది.

నా వార్డులోంచి ఇప్పటిదాకా పదకొండు మంది పిల్లలు వెళ్లిపోయారని ఫైల్లో రాశారు. అవును, వెళ్లారు. జల్లెడ పట్టాక తవుడు పోతుంది. నిలిచినవాళ్లు చూడు, ఎక్కడికెళ్లినా ఇన్‌ఛార్జులే.

నాకు ఈ విద్య ఎవరు నేర్పారో నీకు తెలుసు. అమ్మకు ఉబ్బసం ఎక్కువై వంటింట్లో పడిపోయిన రోజు. నేను నర్సింగు మొదటి ఏడాది, సెలవులకు వచ్చాను. పెదవులు నల్లబడిపోతున్నాయి. పదిహేనేళ్ల వాడివి, మూతి మీద మీసం కూడా వస్తోంది, గోడకంటుకుని నిలబడ్డావు. అప్పుడు తిట్టాను నిన్ను. తిట్టగానే బాణంలా పోయావు. పది నిమిషాల్లో డాక్టరు సంచి నువ్వే మోసుకుంటూ వచ్చావు. అమ్మ ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. ప్రతి బ్యాచి పిల్లలకూ మొదటి రోజు నేను చెప్పే కథ ఇదే. తిడితే కదులుతారు. కదలకపోతే మనిషి పోతాడు.

అందుకని నాకిప్పుడు చిలక పలుకులు వద్దు. నువ్వు ఒక కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి పంపు. నువ్వు పెద్ద ట్రైనరువి, నీ మాటంటే ఆ ముగ్గురూ వింటారు. నా తిట్టు వల్లే మా అమ్మ బతికిందని రాయి. నిజం రాయడానికి లెక్కపెట్టుకోనక్కర్లేదు కదా.

కాగితం కోసం చూస్తుండే
అక్క

ఫిబ్రవరి 6

అక్కకు,

ఆలస్యానికి క్షమించు. మూడు ఊళ్లలో వరసగా క్లాసులు.

నీ ఆలోచన బాగుంది గానీ, వ్యూహపరంగా సరైంది కాదు. ముప్ఫై ఏడేళ్ల కిందటి ఇంటి సంగతి కమిటీ ముందు పెడితే "ఈమె ఇంకా మారలేదు" అంటారు. పైగా సొంత తమ్ముడి సాక్ష్యానికి విలువ ఏముంటుంది? కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు.

దాని బదులు క్షమాపణ పత్రం రాసి జత చేశాను. ఒకటిన్నర పేజీ. ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీతలు పెట్టాను. రెండో పేరాలో "నా మాటలు ఒక యువ సహోద్యోగిని మనసును గాయపరిచాయని తెలిసి నేను లోతుగా ఆలోచించాను" దగ్గర తల కొంచెం దించు. ఇలాంటి పత్రాలు నేను పెద్ద పెద్ద కంపెనీల వాళ్లకు రాసిచ్చాను. ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ పాత కథ ఇక వదిలెయ్యి అక్కా. పిల్లలకు కూడా చెప్పకు. ఎందుకో నాకు బాగుండదు.

తమ్ముడు

ఫిబ్రవరి 16

శ్రీ ఆరంకెల ఆచార్యుల వారికి,

నీకెందుకు బాగుండదో నాకు శనివారం తెలిసింది.

ఆఖరి క్లాసులో కోటు మా అందరికీ తలా ఒక పుస్తకం పంచాడు. నీలం అట్ట, మీద నీ ఫోటో. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తున్నావు, పంటి నొప్పి ఉన్నవాడిలా. ఈ రంగంలో ఇంతకన్నా మంచి పుస్తకం లేదన్నాడు కోటు. ఆయన నా తమ్ముడని నేను చెప్పలేదు. చెప్పబోయాను, అంతలో పద్నాలుగో పేజీ తియ్యమన్నాడు.

పైకి చదివే పని నాకే తగిలింది. చదివాను. "ఒక పదిహేనేళ్ల కుర్రాడు. తల్లి ఊపిరాడక నేల మీద. అదుపు తప్పిన అక్క వెర్రికేకలు. ఆ కేకల మధ్య కుర్రాడు కళ్లు మూసుకున్నాడు. ఆరు లెక్కపెట్టాడు. ఆ ఆరు క్షణాల నిశ్శబ్దమే అతని తల్లిని కాపాడింది." అక్కడిదాకా చదివి ఆగాను. కోటు నా వైపు చూసి అన్నాడు, "చూశారా సిస్టర్, ఆ అక్క స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి." నేను ఊహించుకున్నాను, ఏం కష్టం కాలేదు.

ఒరే, వెర్రికేకలా అవి? అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, వీపు నిలబెట్టి, కిటికీ కాలితో తన్ని తెరిచినదాన్ని నేను. అదుపు తప్పినదాన్నా? నువ్వు లెక్కపెట్టావా? నేను చూస్తూనే ఉన్నాను కదా. కళ్లు మూసుకోలేదు నువ్వు, గుడ్లప్పగించి చూశావు. నేను తిట్టాక పరిగెత్తావు. నా తిట్టును నువ్వు నీ తెలివిగా మార్చి అచ్చేసి అమ్ముకుంటున్నావు. అమ్మకు ఊపిరందని పది నిమిషాలను ఊరూరా బీమా ఆఫీసుల్లో ప్రదర్శనకు పెట్టి, మేనేజర్ల చేత కళ్లు తుడిపిస్తున్నావు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నువ్వు ఎరుగుదువు, దాని మీద నీలం అట్ట వేశావు.

నీ క్షమాపణ పత్రం చూశాను. బాగా రాశావు. మంచుముద్ద పేరు పెట్టాల్సిన చోట ఖాళీ వదిలి చుక్కలు పెట్టావు. అంటే ఎవరికైనా పనికొస్తుంది.

ఇంక నెల రోజులే ఉంది. నాకు నీ పుస్తకం కాదు, కాగితం కావాలి. లెక్కపెట్టలేదని, నేను తిడితే పరిగెత్తానని, ఆ రెండు ముక్కలు రాయి. రాయకపోతే నాకు తమ్ముడు లేడనుకుని ఆ ముగ్గురి ముందూ కూర్చుంటాను.

అదుపు తప్పిన
అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. నా పద్ధతులేవీ పనికిరాలేదు. నవ్వుకో.

నువ్వడిగిన రెండు ముక్కల్లో మొదటిది నిజం. నేను లెక్కపెట్టలేదు. రెండోది నిజం కాదు. నేను పరిగెత్తలేదు.

నువ్వు తిట్టకముందే నేను కదిలాను. గోడ దగ్గర నిలబడింది చెప్పుల కోసం చూసుకుంటూ. ఇంతలో నువ్వన్నావు, "ఒరే మట్టిముద్దా, అమ్మ పోతే నీ వల్లే." ఆ చివరి మాట వింటూ గుమ్మం దాటాను. మెట్లు దిగాను. కింద మెట్టు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. డాక్టరు ఇంట్లో లేకపోతే? నేను వెళ్లొచ్చేసరికి అమ్మ పోతే? నా వల్లే కదా. వెళ్లకపోతే ఇంకా ఏమీ కానట్టే అనిపించింది. పదిహేనేళ్ల బుర్ర అక్కా, అదెలా పనిచేసిందో నాకు ఇప్పటికీ తెలీదు. మెట్ల కిందికి దూరాను. పాత డబ్బాల వెనక కూర్చుని చొక్కా గుండీ నములుతూ ఉండిపోయాను. అది తెగేదాకా నమిలాను.

డాక్టర్ని తెచ్చింది కింద వాటాలో కుట్టుమిషను ఆవిడ. నీ కేక విని, ఏమైందని ఎవర్నీ అడక్కుండా, మెడలో టేపుతోనే వెళ్లిపోయింది. ఆమె వెనకే డాక్టరు వచ్చాడు. నా నెత్తిమీద మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. ఆరు మెట్లు లెక్కపెట్టాక బయటికొచ్చాను. నా ఆరంకెలు అవే. మెట్ల మధ్యలో ఆయన చేతిలో సంచి అందుకున్నాను. ముసలాయన, ఆయాసపడుతున్నాడు, ఇచ్చేశాడు. గుమ్మంలో నువ్వు నన్ను సంచితో చూశావు. "శభాష్ రా" అన్నావు.

కుట్టుమిషను ఆవిడ మొత్తం చూసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లూ నేను ఎదురైతే టేపు సర్దుకుంటూ తల తిప్పేసుకునేది. నన్ను ఎవరైనా అసహ్యించుకున్నారంటే ఆమె. నీ తిరస్కారం దాని ముందు చాలదు.

నువ్వు ఆ కథ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పావు. చెప్పిన ప్రతిసారీ నేను వీరుణ్ని. ఎలా కాదనను? తర్వాత దాన్ని కొంచెం మార్చి నేనూ చెప్పడం మొదలుపెట్టాను. నీ కథలో నీ గొంతు గొప్పది, నా కథలో నా మౌనం గొప్పది. అసలు జరిగినదాంట్లో మనిద్దరం ఎవరికీ పనికిరాలేదు.

కాగితం రాయమంటే ఇదే రాయాలి. నీ విచారణకు ఇది పనికిరాదు. ఆ క్షమాపణ పత్రమే చదువు.

తమ్ముడు

మార్చి 1

తమ్ముడికి,

ఉత్తరం అందింది. కాగితం అక్కర్లేదు.

అక్క

మార్చి 9

అక్కకు,

నీ రెండు ముక్కల ఉత్తరం చదివి నాకు భయమేసింది. నువ్వు నాలుగు పేజీలు తిట్టి ఉంటే నిద్రపట్టేది.

నేను చెప్పింది నీ మనసులో పెట్టుకుని విచారణకు వెళ్లకపోవడం లాంటిదేమీ చెయ్యకు. పత్రం చదువు, పెన్సిలు గీతల దగ్గర ఆగు. రికార్డు రూముకు పోయేంత తప్పు నువ్వు చెయ్యలేదు. పదవి నిలుస్తుంది, నాది పూచీ.

నా సంగతంటావా, మొన్న క్లాసులో పద్నాలుగో పేజీ దగ్గరికొచ్చాను, ఎప్పటిలాగే పైకి చదివాను. ముందు వరసలో ఒకాయన, గిడ్డంగి సూపర్‌వైజరట, చెయ్యెత్తి అడిగాడు, "సార్, అక్క అంతలా అరుస్తుంటే ఆరు ఎలా లెక్కపెట్టారండీ? నాకు రెండుకే మతి పోతుంది." మంచి మాటే అడిగాడు. నేను "తెలీకపోతే నోర్మూసుకుని కూర్చోవయ్యా" అన్నాను. మైకులో. అరవై మంది విన్నారు. వాళ్లు నన్ను మళ్లీ పిలవరు.

నీ మౌనం నన్ను శిక్షించడానికే అయితే, శిక్ష సరిపోయింది.

తమ్ముడు

మార్చి 23

తమ్ముడికి,

నిన్ను శిక్షించే తీరిక నాకు లేదు. ప్రపంచమంతా నీ చుట్టూ తిరుగుతోందనుకోవడం నీకు మెట్ల కింద కూర్చున్నప్పటి నుంచే ఉన్నట్టుంది. నేను మాట్లాడకపోవడానికి కారణం, ఏం మాట్లాడాలో తెలియకపోవడం. ఆ జబ్బు నాకు కొత్త.

విచారణ అయింది. సూపరింటెండెంటు, మేట్రన్, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. మంచుముద్ద కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నీ పత్రం చదివాను. గీతల దగ్గర ఆగాను. తల దించాల్సిన చోట దించాను. ముగ్గురూ తలలూపారు. పెద్దాయన "ఎంత పరిణతి" అన్నాడు. సూపరింటెండెంటు ఫైలు మూసి దారం కూడా చుట్టేశాడు. పదవి నిలిచింది తమ్ముడూ. నీ పూచీ నెగ్గింది.

అప్పుడు ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఆరు నెలల్లో మొదటిసారి. ముప్ఫై ఏళ్లు నేను అందరినీ ఎలా చూశానో అలా చూసింది. ఆ చూపు ఎలా ఉంటుందో అవతలి నుంచి నేనెప్పుడూ చూడలేదు. తట్టుకోలేకపోయాను. అంతే, ఇందులో గొప్పేమీ లేదు.

"ఇది మా తమ్ముడు రాసిచ్చాడు. ఇందులో నాదేమీ లేదు" అన్నాను. పెద్దాయన గడియారం మర్చిపోయాడు. ఆ పిల్లను అడిగాను, "ఆ రోజు ఎక్కడికెళ్లావు?" ఫైల్లో ముప్ఫై పేజీలున్నాయి, ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"దుప్పట్ల గదిలోకండి" అంది. "చెవులు మూసుకు కూర్చున్నా. అయినా మీరు వినపడుతూనే ఉన్నారు."

"గుమ్మంలో ఎందుకు ఆగిపోయావు?"

"ఆగిపోలేదండి. ట్రేలో అన్నీ చిన్న పట్టకార్లే ఉన్నాయి. పెద్దవి కావాలేమో, తెచ్చేదా అని అడుగుదామని నోరు తెరిచా. మీరు మొదలెట్టారు."

ఆ ట్రే ఎవరు సర్దారో తెలుసా? ఆ పొద్దున నేనే సర్దాను. బీరువా దాకా పరిగెత్తింది నా తప్పు దిద్దుకోవడానికి. నీకు రాసిన ఉత్తరంలో కూడా గొప్పగా రాసుకున్నాను.

తర్వాత నేను ఆ ముగ్గురికీ చెప్పాను. ప్రతి బ్యాచికీ నేను చెప్పే కథ అబద్ధమని, నాకు తెలియక చెప్పానని, మా తమ్ముడు తిడితే పరిగెత్తలేదు, తిడితే దాక్కున్నాడని. నీ పరువు తీశాను, అడక్కుండానే. పదకొండు మంది వెళ్లిపోయారు కదా, వాళ్లలో ఎంతమంది ఏం చెప్పబోతూ నోరు తెరిచారో నాకు తెలీదని చెప్పాను. అబద్ధం చదివినంతసేపూ తలలూపినవాళ్లు నిజం చెప్పగానే పెన్నులు తీశారు. సూపరింటెండెంటు చుట్టిన దారం మళ్లీ విప్పాడు.

ఇన్‌ఛార్జి పదవి తీసేశారు. రికార్డు రూముకు పంపుతామంటే వద్దని బతిమాలాను. అవును, నేనే, బతిమాలాను. మనుషులు చాలడం లేదు కాబట్టి మామూలు నర్సుగా వార్డులోనే ఉండనిచ్చారు. ఇక మీద ఎవరికీ పని చెప్పకూడదు, చెప్పింది చెయ్యాలి.

ఆ పిల్ల నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని నేనూ అనుకోలేదు. కొంచెం అనుకున్నాను.

అక్క

ఏప్రిల్ 4

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ గర్వంగా అనిపించింది. నువ్వు చేసింది మామూలు విషయం కాదు. ఒత్తిడిలో మనిషి తనను తాను చూసుకోవడమంటే ఇదే. నలభై క్లాసుల్లో నేను చెప్పలేనిది నువ్వు పది నిమిషాల్లో చేసి చూపించావు. నా పరువు గురించి బాధపడకు, అది ఇంతకుముందే మైకులో పోయింది.

పుస్తకం కొత్త ముద్రణకు వెళుతోంది. పద్నాలుగో పేజీ తీసేశాను. దాని స్థానంలో నీ విచారణ సంఘటన పెడితే ఎలా ఉంటుందంటావు? పేరు రాయను. "ఒక సీనియర్ నర్సు" అంటాను. ఆమె ఎలా పూర్తిగా మారిపోయిందో చదివితే ఎంతోమందికి ధైర్యం వస్తుంది. నువ్వు సరేనంటే మొదలుపెడతాను.

ప్రేమతో
తమ్ముడు

మే 14

ఒరే తమ్ముడూ,

కుక్క తోక వంకర అనడానికి కుక్కలు ఒప్పుకోవు గానీ, నీ విషయంలో ఇంకో మాట దొరకడం లేదు. ఒక అబద్ధం తీసి దాని స్థానంలో ఇంకోటి పెడతావా? నేను మారిపోయానని నీకెవరు చెప్పారు? అచ్చేశావంటే ఆ గిడ్డంగి సూపర్‌వైజరు పక్కన కూర్చుని నేనే చెయ్యెత్తుతాను.

నేను మారితే ఎలా ఉన్నానో విను. నెలన్నర నుంచి నోరు కట్టుకుని తిరుగుతున్నాను. లోపల మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిట్లే. కొత్త ఇన్‌ఛార్జిని, ఆవిడ దిద్దుకునే కనుబొమ్మల్ని, నేల తుడిచినవాడు మూలలు వదిలేస్తే వాణ్ని, అందర్నీ లోపలే తిడుతున్నాను. మర్యాదంటే ఇదే అయితే అజీర్తికి ఇంకో పేరన్నమాట.

నిన్న మధ్యాహ్నం రెండింటికి బస్సు బోల్తా పడి ముగ్గుర్ని ఒకేసారి తెచ్చారు. డాక్టర్లిద్దరూ, ఇన్‌ఛార్జీ మొదటి ఇద్దరి మీద పడ్డారు. మూడోవాడు నా మంచం. తొడ చీలి రక్తం పైకి చిమ్ముతోంది. అవతల పక్కన ఆ పిల్ల నిలబడింది, వట్టి చేతులతో, గాయం వైపు చూస్తూ. నా నోటిదాకా వచ్చింది. ఏ మాటో నీకు తెలుసు. నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

మింగేశాను. మింగాక ఏమైందంటే, ఏమీ కాలేదు. నా చేతులు కదల్లేదు. ముప్ఫై ఒక్కేళ్లు అరుస్తూనే పనిలోకి దిగినదాన్ని. ఆ కేక వాళ్లను కదిలించడానికనుకున్నాను. కాదురా, నన్ను నేను తోసుకోవడానికి. అది లేకపోయేసరికి గాజుగుడ్డ ఎటుందో, ముందు ఏం చెయ్యాలో, అన్నీ తెలుసు, కానీ ఒక్కటీ చేతుల్లోకి దిగలేదు. యాభై ఆరేళ్లదాన్ని, రక్తం చూసి ఎరగనట్టు నిలబడ్డాను. భయమేసింది తమ్ముడూ. ఇంతకుముందు వేసేదేమో కూడా, నా అరుపులో నాకు వినపడలేదు.

ఆ పిల్ల నిలబడింది ఎక్కడ నుంచి చిమ్ముతోందో చూసుకోవడానికట. చూసుకుంది. గుడ్డ మడిచి అక్కడ పెట్టింది. తలెత్తి నన్ను చూసింది. నేనెలా ఉన్నానో దానికి అర్థమైపోయింది. తిట్టొచ్చు. దానికి ఆ హక్కుంది, మంచం చుట్టూ వినేవాళ్లూ ఉన్నారు. అది నా మణికట్టు పట్టుకుని, నా చేతిని తీసుకెళ్లి ఆ గుడ్డ మీద పెట్టింది.

"ఇక్కడ నొక్కండి సిస్టర్. రెండు చేతులతో. నేను చెప్పేదాకా తియ్యకండి."

గొంతు పెంచలేదు. నాకు మాత్రం బాగా వినపడింది.

నొక్కాను. అది చెప్పేదాకా తియ్యలేదు.

అక్క